పగోణ్ని చూసినట్టు చూస్తుండు: టీనేజీ పిల్లల పెంపకంపై అపోహలు - వాస్తవాలు

పాలమూరు, నల్లగొండ వైపు టీనేజీ పిల్లల తల్లిదండ్రులు కౌన్సెలింగ్‌కు వస్తే ముందు చెప్పే మాట "పిల్లగాడు మాట వింటలేడు సార్" అని. కాసేపయ్యాక ఇంకో మాట బయటికొస్తుంది: "ఏమన్న అంటే పగోణ్ని చూసినట్టు చూస్తుండు." మేం ఎక్కువ పట్టించుకునేది ఈ రెండో మాటనే.

కోపం వేరు, వైరభావం వేరు. బస్, పెర్రీ అనే పరిశోధకులు 1992లో 29 ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. అందులో కొట్టడం, తిట్టడం, కోపం, వైరభావం నాలుగింటినీ విడివిడిగా కొలుస్తారు. కోపం ఒంట్లో లేస్తుంది, చల్లారుతుంది. వైరభావం మనసులో పాతుకున్న నమ్మకం: "వీళ్లు నా మంచి కోరేటోళ్లు కాదు." ఆ నమ్మకం ఉన్న పిల్లవాడికి "తిన్నవా?" అన్నా ఎత్తిపొడుపులాగే వినిపిస్తుంది.

అపోహ: దెబ్బకు దయ్యమైనా వదులుతుంది.

2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే పరిశోధకులు 75 అధ్యయనాలను, 1,60,000 మందికి పైగా పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. దెబ్బలు తిన్న పిల్లల్లో దూకుడు తగ్గలేదు సరికదా, ఎక్కువగానే కనిపించింది. ఆ తేడా ఒక్కో పిల్లవాడిలో పెద్దది కాకపోవచ్చు, కానీ అధ్యయనాలన్నీ దాదాపు ఒకే దిక్కు చూపించాయి. దెబ్బ తిన్నప్పుడు పిల్లవాడి మనసు తన తప్పు మీద ఉండదు, కొట్టిన చెయ్యి మీద ఉంటుంది. పద్నాలుగేళ్ల వాణ్ని చెల్లెలి ముందో, వాడకట్టు ముందో కొడితే దెబ్బ మానినా అవమానం మానదు. బడిలోనూ ఇది కుదరదు: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. "రెండు తగిలియ్యండి సార్" అని పంతులుకు చెప్పి రావడం మానుకోండి.

అపోహ: కట్టడి పెడితే పిల్లలు మనమీద పగ పెంచుకుంటరు.

అన్నిటికన్నా ఎక్కువ తికమక ఇక్కడే. డయానా బామ్రిండ్ అనే మనస్తత్వవేత్త 1960లలో పెంపకాన్ని మూడు తీరులుగా చెప్పింది: హుకుం చేసే తీరు, అడిగిందల్లా ఇచ్చే తీరు, ప్రేమగా ఉంటూనే గీత గీసే తీరు. 1983లో మెకోబీ, మార్టిన్ అనే పరిశోధకులు నాలుగోది చేర్చారు: ప్రేమా లేదు, పట్టింపూ లేదు. మొత్తం మీద పిల్లలకు మేలు చేసేది మూడో తీరు. అందులో కట్టడి ఉంది, గమనించండి.

పగ పుట్టించే కట్టడి వేరే ఉంది. 1996లో బార్బర్ అనే పరిశోధకుడు ఈ తేడాను తేల్చి చెప్పాడు. నడవడిని కట్టడి చేయడం అంటే: ఎక్కడికి, ఎవరితో, ఎన్ని గంటలకు ఇంటికి. మనసును కట్టడి చేయడం అంటే: "నీకోసం బొంబాయిల మట్టి మోసి నడుములు పడిపోయినయ్, నువ్వు చేసేది ఇదా?", "మీ పెదనాయిన కొడుకును చూసి సిగ్గు తెచ్చుకో", తప్పు చేశాడని రెండు రోజులు మాట్లాడకపోవడం. మొదటిది చాలామంది పిల్లలు గొణుగుతూనే ఒప్పుకుంటారు. రెండోది గుండెలో ముల్లులా ఉండిపోతుంది.

మాట మార్చడం ఎట్లాగంటే, "నిన్ను నమ్మడమే తప్పు" బదులు "ఎనిమిదింటికి వస్తనన్నవ్, పది అయింది. రేపు సాయంత్రం బయటికి పోవద్దు." అక్కడితో ఆపాలి. పోయిన దసరానాటి తప్పు తవ్వొద్దు. శిక్ష ఒక్క రోజుది చాలు. నెల రోజులు ఫోన్ గుంజుకుంటే మూడో రోజుకే పోగొట్టుకోవడానికి వాడికి ఇంకేం మిగలదు, మీ చేతిలోనూ ఏం మిగలదు.

అపోహ: లొల్లి చేసినప్పుడు ఇచ్చేస్తే ఇల్లు ప్రశాంతంగ ఉంటది.

ఆ పూట ఉంటుంది. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త 1980లలో ఈ సుడిగుండాన్ని వివరించాడు. బండి తాళం కోసం కొడుకు అడుగుతాడు, తల్లి కాదంటుంది. వాడు గొంతు పెంచుతాడు, ఆమె తిడుతుంది. వాడు తలుపు తన్నుతాడు, ఆమె తాళం విసిరేస్తుంది. అరిస్తే పనవుతుందని వాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే అరుపు ఆగుతుందని ఆమె నేర్చుకుంది. మరుసటి సారి ఇద్దరూ ఇంకో మెట్టు పైనుంచి మొదలుపెడతారు.

దీన్ని తెంపాలంటే:

1. ఇంట్లో మూడో నాలుగో నియమాలే ఉండాలి. ప్రశాంతంగా ఉన్నప్పుడు, అన్నం తిన్నాక, పిల్లలతో కలిసి కూర్చొని రాయండి.
2. గొంతు లేస్తే వాదన ఆపండి. "అరగంటయ్యాక మాట్లాడుదాం బిడ్డా" అని పక్కకు జరగండి. అరగంటకు తప్పకుండా తిరిగి రండి. రాకపోతే అది తప్పించుకోవడమే అవుతుంది.
3. మెల్లగా అడిగిన రోజు, ఇవ్వగలిగిందైతే వెంటనే ఇవ్వండి.

మొదట్లో లొల్లి పెరుగుతుంది. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. ఐదో రోజు లొంగిపోతే, ఐదు రోజులు అరవాలని నేర్పినట్టే. బండి మీద మాత్రం బేరమే వద్దు: మైనర్ నడిపి నేరానికి పాల్పడితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం సంరక్షకుడికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

అపోహ: ఫోన్ చెక్ చేస్తే అన్నీ తెలుస్తయ్.

స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అనే పరిశోధకులు 2000లో చూసిందేమిటంటే, తల్లిదండ్రులకు పిల్లల సంగతి తెలిసేది ఎక్కువగా పిల్లలు తామే చెప్పడం వల్ల. చెప్పగానే తిట్టు పడే ఇంట్లో ఎవరూ చెప్పరు.

అపోహ: వలస పోయినోళ్ల పిల్లలు చెడిపోతరు.

దూరం ఒక్కటే పిల్లల్ని చెడగొట్టదు. కొడంగల్, మక్తల్, నారాయణపేట దిక్కు అవ్వ, తాత దగ్గర పెరిగి చక్కగా ఉన్న పిల్లలు ఎందరో. చెడగొట్టేవి రెండు. ఫోన్ చేస్తే మార్కులు, డబ్బులు తప్ప మాట లేకపోవడం ఒకటి. పండుగకు వచ్చి ఆరు నెలల క్రమశిక్షణ నాలుగు రోజుల్లో కుక్కాలని చూడడం ఇంకొకటి. ఫోన్‌కు వారంలో రెండు రోజులు, ఒకే సమయం పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు చదువు ఊసెత్తకండి. అవ్వ పెట్టిన నియమం నచ్చకపోతే ఆమెతో విడిగా మాట్లాడండి, పిల్లల ముందు "ఆమెకేం తెలుసు" అనకండి. గురుకులం హాస్టల్లో ఉన్న పిల్లలకూ ఫోన్ సంగతి ఇంతే.

అపోహ: తప్పంతా కన్నోళ్లదే.

కాదు. పిల్లల స్వభావం కూడా పెంపకాన్ని మారుస్తుంది. ముక్కు మీద కోపమున్న పిల్లవాడి ఇంట్లో పెద్దల గొంతూ పెరుగుతుంది. నిద్ర కూడా చూడండి: 13-18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. ఇంకో మాట, ఈ వయసులో డిప్రెషన్ ఏడుపుగానే కాదు, చిరాకుగా కూడా బయటపడుతుంది. రెండు వారాలు దాదాపు రోజంతా చిరాకు, ఇష్టమైన ఆట మీదా మనసు లేకపోవడం, తిండి, నిద్ర మారిపోవడం కలిసి కనిపిస్తే అది పొగరు అనుకోకండి. ఆడపిల్లలైనా మగపిల్లలైనా, అరవకుండా మూగగా ఉండిపోయే వాళ్లు మన కంట పడరు, వాళ్లను మరీ గమనించాలి.

అట్లాంటప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు. ఇంట్లో పిల్లల మీద హింస జరుగుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. "నేను చస్త" అని పిల్లలు ఒక్కసారి అన్నా ఉత్త బెదిరింపే అని తీసిపారెయ్యకండి. ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చొని, చచ్చిపోవాలనిపిస్తుందా అని నేరుగా అడగండి. పత్తి చేలకు తెచ్చిన పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఆ రోజే బయటికి తరలించి తాళం వేయండి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి.