కొత్త సెన్సర్ వేసినా ఆరని చెక్ ఇంజిన్ లైటు

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. మెకానిక్ స్కానర్ తగిలించి, "ఆక్సిజన్ సెన్సర్ కోడ్ చూపిస్తోంది సార్" అంటాడు. సెన్సర్ మార్చి, కోడ్ చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. రెండు మూడు రోజులకు మళ్లీ అదే లైటు. ఈసారి గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మీద అనుమానం వచ్చి అదీ మారుస్తారు. వారం తిరక్కుండా లైటు మళ్లీ ప్రత్యక్షం. ఇక మిగిలింది స్పేర్ పార్టుల షాపువాణ్ణి తిట్టుకోవడమే.

డూప్లికేట్ పార్టులు ఉన్న మాట నిజమే, వయసు మీరిన సెన్సర్లు మందగించడమూ నిజమే. కానీ చాలాసార్లు కొత్త సెన్సరూ మంచిదే, తీసి పారేసిన పాతదీ మంచిదే. దొంగను చూసి మొరిగిన కుక్కను తరిమేసి ఇంకో కుక్కను తెచ్చుకుంటే, దొంగ ఇంట్లోనే ఉన్నాడు గనక అదీ మొరుగుతుంది.

మరి ఆ రెండు మూడు రోజులు లైటు ఎందుకు ఊరుకుంది? పొగకు సంబంధించిన చాలా లోపాలను ఇంజిన్ కంప్యూటర్ ఒక్కసారి చూసి నమ్మదు. వరుసగా రెండు ట్రిప్పుల్లో కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. పైగా కోడ్ చెరిపినప్పుడు దాంతోపాటు కంప్యూటర్ చేసుకున్న స్వీయ పరీక్షల ఫలితాలు, చాలా కార్లలో అది నేర్చుకున్న పెట్రోలు సవరణలు కూడా పోతాయి. అవన్నీ మళ్లీ మొదట్నుంచి జరగాలి. ఆ వ్యవధినే మనం "సెన్సర్ మార్చాక బాగుంది" అని లెక్కేసుకుంటాం.

ఇలా తిరిగి తిరిగి వచ్చే కోడ్లలో పీ0171 ఒకటి. ఇంజిన్‌లో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అది చెబుతుంది. సెన్సర్ చెడిందని అందులో ఎక్కడా లేదు. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌కు ముందుండే ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగడుతుంది. జిర్కోనియాతో చేసిన మామూలు రకమైతే ఆక్సిజన్ మిగిలినప్పుడు 0.1 వోల్టు దగ్గర, మిగలనప్పుడు 0.9 వోల్టుల దగ్గర చూపిస్తుంది. దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలును కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ ఉంటుంది. ఈ సవరణే ఫ్యూయెల్ ట్రిమ్, శాతాల్లో కనిపిస్తుంది. ప్లస్ అంటే పెట్రోలు పెంచుతున్నట్టు, మైనస్ అంటే తగ్గిస్తున్నట్టు. సున్నా చుట్టుపక్కల ఉంటే అంతా బాగున్నట్టు. కారును బట్టి ప్లస్ 20, 25 దగ్గరికి వెళ్తే కంప్యూటర్ చేతులెత్తేసి పీ0171 రాసుకుంటుంది.

ఈ అంకెలు మనమూ చూడొచ్చు. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న అడాప్టర్‌ను స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు తగిలిస్తే చాలు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (నేర్చుకుని దాచుకున్న సవరణ) ట్రిమ్‌లు రెండూ కలిపి ప్లస్ 22 వచ్చాయనుకుందాం. న్యూట్రల్‌లోనే ఉంచి 2,500 ఆర్‌పీఎం దాకా రేస్ ఇచ్చి కాసేపు పట్టుకోండి. మొత్తం ప్లస్ 5కి దిగిపోయిందా? అయితే ఎక్కడో పైపు చిట్లి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, సిలిండర్లకు గాలి పంచే గొట్టం, అంటే మానిఫోల్డ్‌లో పీల్పు బలం ఎక్కువ. అందుకే చిన్న చిల్లు నుంచి వచ్చే గాలి కూడా పెద్ద వాటా అవుతుంది. రేస్ ఇస్తే అసలు గాలి పెరిగి, దొంగగాలి వాటా తగ్గుతుంది. దీనికి తిరగబడి, ఐడిల్‌లో బాగుండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రిమ్ పెరుగుతుంటే, పెట్రోలు పంపు నీరసించిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, మాఫ్ సెన్సర్‌కు మురికి పట్టిందో చూడాలి. మురికే అయితే దానికని దొరికే స్ప్రేతో శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

అమెరికన్ యూట్యూబ్ వీడియోలు చూసి ఈ పరీక్ష చేసేవాళ్లకు ఒక మాట. మన చిన్న కార్లు చాలావాటిలో మాఫ్ ఉండదు, మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. లీకు గాలి వల్ల పీడనం పెరిగితే కంప్యూటర్ ఆ మేరకు పెట్రోలూ పెంచుతుంది. కాబట్టి ట్రిమ్ అంతగా కదలకుండా, ఐడిల్ వేగం పెరిగినట్టు కనిపించవచ్చు. 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు సంగతీ ఉంది. 1 గ్రాము ఇథనాల్‌కు 9 గ్రాముల గాలి చాలు గనక పాత కార్లలో ట్రిమ్ కొద్దిగా ప్లస్ వైపు జరుగుతుంది. అదొక్కటే 22 దాకా లాక్కెళ్లదు.

నాకు తమాషాగా అనిపించేది మిస్‌ఫైర్ వ్యవహారం. ఒక ప్లగ్గు సరిగా కొట్టకపోతే ఆ సిలిండర్‌లోని గాలి, పెట్రోలు రెండూ మండకుండా బయటికొస్తాయి. సెన్సర్ కనిపెట్టేది ఆక్సిజన్‌ను మాత్రమే. "గాలి ఎక్కువుంది" అంటుంది, కంప్యూటర్ నమ్మి ఇంకా పెట్రోలు పోస్తుంది. అసలు మార్చాల్సింది ప్లగ్గో, కాయిలో. ఇలాంటప్పుడు లైటు మినుకు మినుకుమంటుంటే మాత్రం బండి పక్కన ఆపేయాలి. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి, దాన్ని కాల్చేస్తుంది.

వైరింగ్ సంగతి ఎవరూ ముందు చూడరు, ఎందుకంటే సెన్సర్ మార్చడం తేలిక. సెల్లార్ పార్కింగుల్లో ఎలుకలు వైర్లు కొరకడం అందరికీ తెలిసిందే. పీ0135 లాంటి కోడ్ ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపమని చెబుతుంది. సర్క్యూట్ అంటే ఫ్యూజు, వైరు, వైర్లను కలిపే కప్లర్ అన్నీ అందులోవే. కప్లర్ ఊడదీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, సప్లై పిన్నుకు మల్టీమీటర్ పెడితే బ్యాటరీ వోల్టేజీ రావాలి. రాకపోతే ఎన్ని సెన్సర్లు మార్చినా దండగే. అలాగే ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల కోడ్లు వచ్చాయంటే అన్నీ ఒకే రోజు చచ్చిపోయాయని కాదు. చాలా సెన్సర్లు ఒకే 5 వోల్టుల లైను పంచుకుంటాయి. ఒకటి షార్టయితే మిగతావీ తప్పు చెబుతాయి, ఎర్త్ వైరు వదులైనా అంతే.

కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసి పెట్టమని మెకానిక్‌ను అడగండి. లోపం పట్టుబడిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి, ట్రిమ్ అన్నీ అందులో ఉంటాయి. చెరిపితే అదీ పోతుంది. చిట్లిన పైపు మార్చాక కోడ్ చెరపకుండా వదిలేసే దారి కూడా ఉంది. వరుసగా మూడు ట్రిప్పుల్లో లోపం కనిపించకపోతే కంప్యూటరే లైటు ఆర్పుతుంది. కోడ్ మాత్రం సుమారు 40 సార్లు ఇంజిన్ చల్లారి మళ్లీ వేడెక్కేదాకా లోపల అలాగే ఉంటుంది.