చామంతి కుటుంబపు మూలికలు: అపోహలు - వాస్తవాలు

మూలికా వైద్యం చేసేవారికి చామంతి కుటుంబంతో రోజూ పని ఉంటుంది. చామంతి, బంతి, గుంటగలగర, మాచిపత్రి, గడ్డిచామంతి, అక్కలకర్ర అన్నీ ఈ కుటుంబానివే. ఇందులో 25 వేలకు పైగా జాతులున్నాయి. వీటిలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పువ్వుల గుత్తి. అంచున రేకల్లా విచ్చుకునేవీ, మధ్యలో దిమ్మెలా కనిపించేవీ వేర్వేరు చిన్న పువ్వులే. ఈ పోలిక అంత కొట్టొచ్చినట్టు ఉండడం వల్లే చాలామంది ఒక మొక్క గుణాన్ని పక్క మొక్కకు అంటగడతారు. నన్ను బాధపెట్టే అలవాటు ఇదే. ఎవరైనా ఒక మూలిక పేరు చెప్పి మంచిదా కాదా అని అడిగితే, ఏ జాతి, ఏ భాగం, సారం దేనితో తీశారు, లోపలికి వాడుతున్నారా పైపూతకా అని తెలుసుకోకుండా నేను జవాబు చెప్పను.

అపోహ: మాచిపత్రి కషాయం తాగితే మలేరియా తగ్గిపోతుంది

మలేరియాను నయం చేసే ఆర్టెమిసినిన్ ఈ కుటుంబం నుంచే వచ్చింది. అయితే అది పనికొచ్చే మోతాదులో ఉండేది ఆర్టెమిసియా యాన్యువా అనే జాతిలో. మాచిపత్రి, దవనం కూడా అదే ప్రజాతికి చెందినా, ఆ పదార్థం కోసం వాటిని నమ్ముకోవడానికి లేదు.

ఈ మందు దొరికిన తీరు ప్రతి మూలికా వైద్యుడూ తెలుసుకోవాలి. 1967లో చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం రహస్యంగా పరిశోధన మొదలుపెట్టింది. తర్వాత అందులో చేరిన శాస్త్రవేత్త తూ యూయూ, ఆమె బృందం పాత వైద్య గ్రంథాలను గాలించి, ఎన్నో మొక్కల సారాలను ఎలుకల మీద పరీక్షించారు. వాటిలో ఆర్టెమిసియా యాన్యువా సారం ఒకసారి బాగా పనిచేసేది, ఇంకోసారి పనిచేసేది కాదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హొంగ్ మాత్రం దీన్ని కాచమని రాయలేదు. నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. వేడికే గుణం పోతోందేమోనని తూ యూయూకు తట్టింది. సుమారు 35 డిగ్రీలకే మరిగే ద్రవం ఈథర్‌తో ఆకు సారం తీశారు. 1971లో ఆ సారం ఎలుకల్లో మలేరియా పరాన్నజీవిని పూర్తిగా అణచింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథనే చూపించి కషాయం తాగమని చెప్పేవారున్నారు. అసలు విషయం అందుకు విరుద్ధం. ఆర్టెమిసినిన్ నీళ్లలో సరిగా కరగదు. ఆకులో అది ఎంత ఉంటుందన్నది మొక్క మొక్కకూ మారుతుంది. కషాయంలోకి దిగిన కొద్దిపాటి మందుతో జ్వరం కాస్త తగ్గినట్టు అనిపించవచ్చు, కానీ మిగిలిపోయిన పరాన్నజీవులు మళ్లీ పెరుగుతాయి. మందుకు లొంగని రకాలు పుట్టే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ మొక్కను టీగానో ఆకుగానో మలేరియాకు వాడడాన్ని సమర్థించబోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టం చేసింది. మలేరియా అనుమానం ఉంటే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. తేలితే ఆర్టెమిసినిన్ రకం మందును మరో మందుతో కలిపి ఇచ్చే చికిత్సను పూర్తిగా వాడాలి.

అపోహ: చామంతి టీ ఎవరు తాగినా మంచిదే

చాలామందికి మంచిదే. కడుపు ఉబ్బరానికి, నిద్రపట్టకపోవడానికి కమోమిల్ చామంతిని వాడడం ఎంతో పాత పద్ధతి. నేనూ సూచిస్తాను. కానీ ఈ కుటుంబంలో సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే చేదు పదార్థాలు విరివిగా ఉంటాయి. వీటిలో కొన్ని మందుగా పనిచేస్తాయి, కొన్ని చర్మాన్ని రేపుతాయి. ఇదే కుటుంబపు వయ్యారిభామ తగిలితే దద్దుర్లు వచ్చేవారికి చామంతి తగిలినా రావచ్చు. పుప్పొడి పడనివారిలో చామంతి టీ తాగాక గొంతు వాచి, ఊపిరాడక ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న ఒక రోగికి కమోమిల్ టీ, లోషను ఎక్కువగా వాడాక లోపల రక్తస్రావమైన ఉదంతం కూడా ఉంది. అలాంటి మందు వాడేవారు రోజూ ఈ టీ తాగే ముందు వైద్యుడికి చెప్పాలి.

అపోహ: గాయం మీద పచ్చి ఆకు రసం పిండితే చాలు

తెగిన చోట గడ్డిచామంతి రసం పిండడం చాలాచోట్ల ఉన్న వాడకం. దీన్ని అనాదిగా వస్తున్న వైద్యమని చెబుతుంటారు. కానీ ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. మిగతా ఖండాలకు తర్వాతి కాలంలో పాకింది. ఒక ప్రాంతపు సంప్రదాయంలోకి కొత్త మొక్కలు వచ్చి చేరుతూనే ఉంటాయి. అది లోపమేమీ కాదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో దీని సారం గాయం మానడానికి తోడ్పడింది కూడా. అయితే ప్రయోగశాలలో శుభ్రంగా తీసిన సారం వేరు, నేలను అంటుకుని పెరిగే ఆకును చేత్తో నలిపి పిండిన రసం వేరు. మట్టిలో ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవులుంటాయి. ముందు గాయాన్ని శుభ్రమైన నీటితో కడగాలి. లోతైన గాయమైతే టీకా సంగతి చూసుకోవాలి.

ఇదే కుటుంబంలోని ఆర్నికా అనే మూలికకు ఈ హెచ్చరిక ఇంకా గట్టిగా చెప్పాలి. కమిలిన చోట, అదీ చర్మం చిట్లకుండా ఉంటేనే, పైపూతగా రాయాలి. ఇందులోని హెలెనాలిన్ అనే పదార్థం విషపూరితం. ఆ పూల సారం నేరుగా కడుపులోకి వెళితే వాంతులు మొదలై గుండె లయ కూడా దెబ్బతినవచ్చు.

అపోహ: నోరు తిమ్మిరెక్కిందంటే పంటి జబ్బు నయమవుతున్నట్టే

అక్కలకర్ర వేరు, ఎకినేషియా అనే మొక్క వేరు నమిలితే నాలుక జివ్వుమంటుంది. వాటిలోని ఆల్కమైడ్లు అనే పదార్థాలు నరాల మీద చూపే ప్రభావమది. నొప్పి కాసేపు తెలియదు. పుచ్చిన పన్ను అలాగే ఉంటుంది.

అపోహ: గుంటగలగర తెల్లజుట్టును మూలం నుంచి నల్లబరుస్తుంది

ఈ ఆకు రసం గాలి తగిలితే నల్లబడుతుంది. అందుకే జుట్టు రంగుగా పనికొస్తుంది. వెంట్రుకలు పెరగడానికి తోడ్పడుతుందని ఎలుకల మీద చూశారు. కుదుళ్లు రంగు తయారుచేయడం ఆపేశాక ఈ నూనె వాటిని మళ్లీ పనిలో పెడుతుందని మనుషుల్లో ఎవరూ రుజువు చేయలేదు. నూనెగా వాడుకోండి, ఆ ఆశతో మాత్రం కాదు.

అపోహ: మూలికలు కాలేయానికి మేలే తప్ప కీడు చేయవు

మిల్క్ తిజిల్ అనే మొక్క గింజల్లోని సిలిమరిన్‌కు కాలేయాన్ని కాపాడుతుందన్న పేరుంది. అమనిటా ఫాలాయిడీస్ అనే విషపు పుట్టగొడుగు తిన్నవారికి యూరప్ ఆసుపత్రుల్లో ఇందులోని సిలిబినిన్‌ను సిర ద్వారా ఎక్కిస్తారు. సిలిమరిన్ కూడా నీళ్లలో సరిగా కరగదు కాబట్టి గింజలను టీ కాచుకుంటే ఆ ఫలితం రాదు.

ఇదే కుటుంబంలోని సెనెసియో, కోల్ట్స్‌ఫుట్, బటర్‌బర్, అజెరాటమ్ మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే హానికర పదార్థాలు ఉంటాయి. కాలేయం వీటిని విరగ్గొట్టినప్పుడు పుట్టే పదార్థాలు అక్కడి సన్నని రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి దారి మూసేస్తాయి. ఆకు ఎండబెట్టినా, కాచినా ఇవి పోతాయని నమ్మకూడదు. కొద్దికొద్దిగా తీసుకున్నప్పుడు కీడు వారాల తర్వాతో నెలల తర్వాతో బయటపడుతుంది. సంప్రదాయ జ్ఞానం ఇక్కడే మనల్ని కాపాడలేకపోయింది. తిన్న గంటలో వాంతి చేయించే మొక్కను మన పూర్వులు వెంటనే గుర్తుపట్టారు. దగ్గుకు ఇచ్చిన ఆకు ఆరు నెలల తర్వాత కాలేయాన్ని పాడుచేస్తే, ఆ రెంటికీ ముడిపెట్టే వీలు వారికి లేదు.

బటర్‌బర్ వేరు సారం మైగ్రేన్ తలనొప్పులను తగ్గిస్తుందని పరీక్షల్లో తేలడంతో, 2012లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ దాన్ని సిఫారసు చేసింది. కాలేయానికి హాని జరుగుతోందన్న ఆందోళనతో 2015లో ఆ సిఫారసును వెనక్కి తీసుకుంది. ఈ నాలుగు మొక్కలను నేను ఎవరికీ లోపలికి ఇవ్వను. ఇప్పటికే వాడుతున్నవారు ఆపేసి, కళ్లు పసుపెక్కినా, పొట్ట ఉబ్బినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా వెంటనే వైద్యుడిని కలవాలి. వాడిన మూలిక మిగిలి ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్లాలి.