వార్త కింది ప్రకటనకు పూచీ ఎవరిది? 2010 నుంచి నలుగుతున్న చిక్కు

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద కేంద్రం 2025 నవంబరులో నిబంధనలను నోటిఫై చేసిన తరువాత, వార్తా వెబ్‌సైట్లలో కథనాల మధ్యా కిందా కనిపించే ప్రకటనలకు జవాబుదారీ ఎవరన్న పాత తగాదా మళ్లీ రాజుకుంది. అంతకు మూడు నెలల ముందు, ఆగస్టులో, పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలతో పాటు వాటి ప్రకటనలనూ నిషేధించి, ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టడంతో ఈ ప్రశ్న న్యాయ సలహాదారుల బల్లల మీదికి అప్పటికే చేరి ఉంది. పేజీ ప్రచురణకర్తది కాబట్టి, ప్రకటనల కోసం పాఠకుడి సమాచారం వాడుకోవడానికి సమ్మతి తీసుకోవలసిందీ వారేనన్నది ప్రకటనల ప్లాట్‌ఫామ్‌ల వాదన. ఏ పాఠకుడికి ఏ ప్రకటన వెళ్లిందో తమకే తెలియనప్పుడు దేనికి సమ్మతి అడగాలన్నది ప్రచురణకర్తల ప్రశ్న. వార్తలాగే కనిపించే నేటివ్ ప్రకటన ఎక్కడ పుట్టింది, ఎలా విస్తరించింది అన్నది చాలామందికి తెలిసిన కథే కనుక దాన్ని వదిలి, చిక్కుముడి పడిన చోటికే వెళ్దాం.

ఆ చోటు 2010 మార్చి. గూగుల్ తన ప్రకటనల సేవ యాడ్‌వర్డ్స్ ఖాతాదారులందరికీ రీమార్కెటింగ్ సదుపాయాన్ని తెరిచింది అప్పుడే. ఒకసారి ఒక దుకాణం సైటుకు వచ్చి ఏమీ కొనకుండా వెళ్లిపోయిన మనిషిని ఇతర సైట్లలో వెంబడించి ప్రకటన చూపడం అంతకుముందూ ఉంది. ప్యారిస్‌లో 2005లో మొదలైన క్రిటియో పెద్ద ఆన్‌లైన్ దుకాణాలకు ఆ పని చేసిపెడుతూనే ఉంది. కానీ గూగుల్ తలుపు తీసిన తరువాత చిన్న వ్యాపారి కూడా కొద్దిపాటి బడ్జెట్‌తో అదే పని చేయగలిగాడు. స్థానిక పత్రికల ఆదాయం ఎక్కడ తెగిందో వెతికేవారు సాధారణంగా ఫేస్‌బుక్‌నో, చౌక డేటానో చూపిస్తారు. ఈ వ్యాసకర్త ఉద్దేశంలో అవి తరువాతి సంగతులు.

ఎందుకో తెలియాలంటే 1989 దాకా ఒక్కసారి వెనక్కి పోవాలి. ఈనాడు ఆ ఏడాది జిల్లా అనుబంధాలను ప్రారంభించి, తెలుగు పత్రికారంగంలో స్థానిక ప్రకటనకు ఒక మార్కెట్‌ను ఏర్పరచింది. రాష్ట్రమంతటికీ వెళ్లే పేజీలో ప్రకటన ఇచ్చే స్తోమత లేని తెనాలి బట్టల దుకాణం, జగిత్యాల నర్సింగ్ హోమ్ తమ జిల్లాకే పరిమితమైన పేజీలో కాలమ్ సెంటీమీటర్ల లెక్కన చోటు కొనుక్కోగలిగాయి. ఆ చోటుకు విలువ రావడానికి కారణం ఒక్కటే: ఆ ఊరి పాఠకుడు దొరికేది అక్కడే. ప్రకటన తెచ్చేది చాలాచోట్ల ఆ మండల విలేకరే. పండుగలకు, వార్షికోత్సవాలకు వారి నెత్తిన పెట్టిన టార్గెట్ల గురించి చెప్పుకోవాలంటే అదొక వేరే వ్యాసం. అయితే ప్రకటనలో తేడా వస్తే ఎవరిని అడగాలో అందరికీ తెలుసు, ఎందుకంటే డబ్బు ఎవరిచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో, ఏ తేదీన ఏ పేజీలో పడిందో కాగితం మీద ఉండేది.

రీమార్కెటింగ్ ఈ లెక్కను తలకిందులు చేసింది. ఒక పాఠకురాలు షాపింగ్ సైటులో ఒక పట్టుచీర చూసి, ధర ఎక్కువనిపించి మూసేసిందనుకుందాం. ఆ పేజీలో ఉన్న చిన్న కోడ్ ఆమె బ్రౌజరులో కుకీ అనే చిన్న గుర్తింపు ఫైలును వదిలి, ఆ గుర్తింపు సంఖ్యను చీర నంబరుతో సహా ఒక జాబితాలో చేరుస్తుంది. గూగుల్ జాబితాలలో ఆ సంఖ్య 540 రోజుల వరకు నిలిచి ఉండవచ్చు. ఆ సాయంత్రం ఆమె తన జిల్లాలో వర్షాలకు దెబ్బతిన్న మిరప పంట గురించి ఒక స్థానిక సైటులో చదువుతుంది. పేజీ తెరుచుకునే లోపే అందులోని ప్రకటన కోడ్ ఆమె గుర్తింపును ప్రకటనల చోటును వేలం వేసే ఎక్స్ఛేంజికి పంపుతుంది, సెకనులో పదో వంతు పాటు వేలం నడుస్తుంది, గెలిచిన ప్రకటనగా అదే చీర మిరప రైతు ఫొటో పక్కన ప్రత్యక్షమవుతుంది. దుకాణం డబ్బు పెట్టింది ఆమె కోసం. మిరప వార్త కోసం పెట్టలేదు. రేపు ఆమె వాతావరణ యాప్‌లోనో, క్రికెట్ స్కోరు పేజీలోనో ఇంకా తక్కువ ధరకు దొరికితే వేలం అటే పోతుంది. విలేకరి పొలం దాకా వెళ్లి రాసిన వార్తకు అక్కడ ప్రత్యేకమైన ధర ఏమీ లేదు.

ఈ కోడ్‌ను తమ పేజీలలో పెట్టుకున్నది ప్రచురణకర్తలే, ఎవరూ బలవంతం చేయలేదు. ప్లాట్‌ఫామ్‌లు ఈ మాట గుర్తుచేయడంలో తప్పు లేదు. అయితే ఏ పరిస్థితుల్లో పెట్టుకున్నారో కూడా చూడాలి. సైట్లలో ప్రకటనలు పెట్టి ఆదాయం పంచే గూగుల్ యాడ్‌సెన్స్ హిందీకి 2014లోనే మద్దతు ప్రకటించినా, తెలుగుకు 2018 దాకా ఆ మద్దతు రాలేదు. అన్నేళ్లూ తెలుగు సైటుకు అధికారికమైన రాజమార్గం లేదు కనుక, ఏ నెట్‌వర్క్ కోడ్ ఇస్తే దాన్నే అతికించుకున్న చిన్న సైట్లు తక్కువేమీ కాదు. కథనం కింద ‘మీకు నచ్చవచ్చు’ అనే పెట్టెలు స్థిరపడింది ఆ వాతావరణంలోనే.

ఆ పెట్టెల వ్యాపారంలో పెద్ద పేర్లు రెండు: 2006లో మొదలైన ఔట్‌బ్రెయిన్, 2007లో మొదలైన టబూలా. ప్రచురణకర్తతో వీటి ఒప్పందం సాధారణంగా కొన్నేళ్ల పాటు ఆ చోటు తమకు మాత్రమే దక్కేలా ఉంటుంది. వచ్చిన ఆదాయంలో వాటా, కొన్నిచోట్ల పేజీ వీక్షణల లెక్కన కనీస హామీ సొమ్ము. నెలాఖరుకు జీతాలు ఇవ్వవలసిన సంపాదకుడికి ఆ హామీ ఎంత ఊరటో ఊహించవచ్చు. దానికి బదులుగా ఆయన వదులుకునేది పేజీ అడుగున కొంత జాగా మాత్రమే అనిపిస్తుంది. నిజానికి ఏ పాఠకుడు ఏ శీర్షిక దగ్గర ఆగాడు, దేన్ని నొక్కాడు అన్న సమాచారమంతా ప్లాట్‌ఫామ్ దగ్గర పోగవుతుంది. అది వేరే సైట్లలో ప్రకటనలను ఎంచడానికీ పనికివస్తుంది. పెట్టెలో సైటు సొంత కథనాలూ కొనుక్కున్న లింకులూ ఒకే సైజు ఫొటోతో పక్కపక్కనే ఉంటాయి, ‘స్పాన్సర్డ్’ అన్న ముక్క సన్నని బూడిదరంగు అక్షరాలలో ఉంటుంది. శీర్షికలో ఊరి పేరు ఉండవలసిన చోట ఖాళీ వదిలితే సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ చిరునామాను బట్టి పేరు నింపుతుంది. మొబైల్ డేటా మీద చదివే కరీంనగర్ పాఠకుడికి కూడా చాలాసార్లు ‘హైదరాబాద్‌వాసులు ఆశ్చర్యపోతున్న పథకం’ అని కనిపించడానికి కారణం అదే. స్థానికత అనే మాటకు అక్కడ మిగిలిన అర్థం అంతే.

డబ్బు సంగతికొస్తే ప్లాట్‌ఫామ్‌లు తమ లెక్కలు తామే చెబుతాయి. 2022లో టబూలాకు వచ్చిన ఆదాయం సుమారు 140 కోట్ల డాలర్లు, ప్రచురణకర్తల చెల్లింపులు వగైరా పోగా మిగిలింది సుమారు 57 కోట్ల డాలర్లు. యాడ్‌సెన్స్ 68 శాతం ప్రచురణకర్తకే ఇస్తామని చాలాకాలంగా చెబుతోంది. ప్రకటనలను ముందే పరిశీలిస్తామని, వద్దనుకున్న వర్గాలను ప్రచురణకర్త మూసివేయవచ్చని కూడా అంటాయి. కానీ ప్రకటనదారు మొదట పెట్టిన రూపాయి ఎన్ని చేతులు మారిందన్నది ఈ శాతాలలో కనిపించదు. బ్రిటన్ ప్రకటనదారుల సంఘం ఇస్బా కోసం ఆడిట్ సంస్థ పీడబ్ల్యూసీ 2020లో జరిపిన అధ్యయనంలో ప్రచురణకర్తకు చేరింది సగమేనని తేలింది; 15 శాతం ఎటు పోయిందో ఆడిటర్లే చెప్పలేకపోయారు. ఈనాడు కూడా సభ్యత్వం కలిగిన డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఇదే అస్పష్టత మీద ఫిర్యాదు చేయగా, కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్ మీద దర్యాప్తుకు ఆదేశించింది. ప్రచురణకర్తల ప్రకటన సర్వర్లు, ఎక్స్ఛేంజి మార్కెట్లలో గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని వర్జీనియాలోని ఫెడరల్ న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది.

పూచీ విషయానికి వస్తే మొదటి దెబ్బ తగిలింది బెట్టింగ్ ప్రకటనల దగ్గర. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. అయినా వార్తా పేజీలలో విదేశీ బెట్టింగ్ సంస్థలు వార్తా సైట్ల ముసుగులో కనిపిస్తూనే ఉండటంతో, సమాచార ప్రసార శాఖ 2022 అక్టోబరులో డిజిటల్ వార్తా సంస్థలను హెచ్చరించింది. హెచ్చరిక అందుకున్న స్థానిక సైటు నిర్వాహకుడు ఆ ప్రకటనను తన ఫోనులో చూద్దామన్నా కనిపించకపోవచ్చు. అది మరో పాఠకుడి కుకీకి మాత్రమే వచ్చింది. 2009 ఎన్నికల్లో డబ్బు పుచ్చుకుని అచ్చువేసిన వార్తల మీద ఏపీ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం పశ్చిమ గోదావరిలో సర్వే చేసినప్పుడు, కనీసం పత్రిక ప్రతులు ముందు పెట్టుకుని లెక్కించగలిగింది. ఇక్కడ లెక్కించడానికి అందరూ చూసిన ప్రతి అంటూ లేదు.

2023 నాటి సమాచార రక్షణ చట్టం పాఠకుడి సమాచారాన్ని దేనికి, ఎలా వాడాలో నిర్ణయించేవారిని ‘డేటా ఫిడ్యూషియరీ’ అంటోంది. తమ తరఫున ఇంకొకరు చేసిన పనికి కూడా, ఒప్పందంలో ఏం రాసుకున్నా, ఫిడ్యూషియరీదే బాధ్యత. 18 ఏళ్లలోపు వారిని ప్రకటనల కోసం వెంబడించరాదు. ఆ తప్పుకు జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. ప్రధాన నిబంధనలు అమలులోకి వచ్చేది నోటిఫికేషన్ తరువాత 18 నెలలకు, అంటే 2027 మేలో. అప్పటికి ప్రతి సైటూ పాఠకుడి ముందు పెట్టవలసిన నోటీసులో ఏ సమాచారం ఏ పనికి పోతోందో రాయాలి. ఆ వివరాలు ఉన్నది ప్లాట్‌ఫామ్‌ల దగ్గర. చట్టం మాత్రం ఆ పనిని ‘ఒంటరిగా గాని, ఇతరులతో కలిసి గాని’ నిర్ణయించేవారు ఎవరని అడుగుతోంది. జిల్లా వార్తా సైటు ఆ నిర్ణయంలో భాగస్వామి అవుతుందా, చోటు అద్దెకిచ్చినదిగా మిగులుతుందా అన్నది డేటా ప్రొటెక్షన్ బోర్డు ముందుకు మొదటి ఫిర్యాదు వచ్చిన రోజున తేలవలసి ఉంది.