మొగ తవ్వితే సరిపోదు

ఇచ్ఛాపురం నుంచి బరంపురం మీదుగా భువనేశ్వర్ వెళ్లే రైల్లో, రంభ వచ్చేసరికి అందరూ కుడివైపు కిటికీలకు అతుక్కుపోతారు, చిలికా కనబడుతుంది కదా! ఎడమవైపు కొండల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. సరస్సు బాగోగులు సగం ఆ కొండల మీదే ఆధారపడి ఉన్నాయి.

చిలికాకీ సముద్రానికీ మధ్య పొడవాటి ఇసుక దిబ్బ ఉంది, దాన్ని చీల్చుకుని సరస్సు సముద్రంలో కలిసే దారే మొగ. వానాకాలంలో సరస్సు దాదాపు 1,165 చదరపు కిలోమీటర్లకు పరుచుకుంటుంది, ఎండాకాలంలో 900 చిల్లరకు తగ్గుతుంది. ఉత్తరాన మహానది పాయలైన దయ, భార్గవి మంచినీళ్లు తెస్తాయి, పడమటి కొండల వాగులు కూడా వచ్చి కలుస్తాయి, మొగలోంచి పోటుతో ఉప్పునీరు ఎక్కుతుంది. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, దాని పిల్లలు మాత్రం పోటు నీళ్లతో లోపలికొచ్చి, ఈ కలగలుపు నీళ్లలో పెరిగి మళ్లీ సముద్రానికి వెళ్తాయి. మొగ మూసుకుపోతే ఆ రాకపోకలు ఆగినట్టే.

1990లలో జరిగింది ఇదే. నైరుతి రుతుపవనాల అలలు తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నెట్టుకుపోతుంటే మొగ కూడా జరిగి జరిగి ఇరుకైపోయింది, ఉప్పదనం తగ్గింది, గుర్రపుడెక్క పెరిగింది. రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలల్లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో 1993లో చిలికా పేరు చేరింది. 2000 సెప్టెంబరులో సిపాకుడా దగ్గర కొత్త మొగ తవ్వారు, సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. అంతకుముందు ఏడాదికి 1,700 టన్నుల చిల్లర ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి రెండేళ్లలో 11,000 టన్నులు దాటింది! 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు.

అందరికీ గుర్తున్నది ఆ తవ్వకమే. పడమటి కొండల ఊళ్లలో జనంతో కలిసి గట్లు వేసి, మొక్కలు నాటి మట్టి కోతను ఆపడానికి చేసిన పని గురించి ఎవరూ మాట్లాడరు, ఫోటోకి పనికిరాదు మరి. కటక్ దగ్గర నరాజ్ బ్యారేజీ సంగతీ అంతే, దయ, భార్గవిలోకి ఎంత నీరు పోవాలో చాలావరకు అక్కడి గేట్లే తేలుస్తాయి. పైనుంచి బురద దిగుతూనే ఉంటే కింద ఎన్నిసార్లు తవ్వినా తిప్పలే.

ఇక సరస్సులో వలలు, వెదురుబొంగులతో నీళ్లను చుట్టేసే రొయ్యల మడుల గొడవ వేరే. 1996లోనే చిలికాలో రొయ్యల పెంపకానికి వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, అధికారులు పీకేస్తారు, కొన్నాళ్లకు మళ్లీ వెలుస్తాయి. వల అడ్డుపడితే నీటి వేగం తగ్గి, కొట్టుకుపోవాల్సిన బురద అక్కడే దిగబడుతుంది, పైగా సంప్రదాయ జాలర్లకు పడవ తిప్పడానికి చోటు ఉండదు. రొయ్యకు రేటు ఉన్నన్నాళ్లూ పీకడం, పాతడం ఇలాగే నడుస్తుందేమో అనిపిస్తుంది నాకు.