చర్ఖీ దాద్రీకి ముందూ తరువాతా: విమానాల్లోకి టీక్యాస్ ఎలా వచ్చింది

1996 నవంబర్ 12 సాయంత్రం ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ అరేబియా బోయింగ్ 747, ఢిల్లీలో దిగవలసిన కజకిస్తాన్ ఇల్యూషిన్-76 హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఢీకొనడంతో రెండింటిలోని 349 మందీ మరణించారు. గాలిలో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతటి ప్రాణనష్టం మరెన్నడూ జరగలేదు. సౌదీ విమానం 14,000 అడుగుల వద్ద ఆగాలని, కజక్ విమానం 15,000 అడుగుల కంటే కిందికి రాకూడదని నేల మీది నుంచి విమానాల రాకపోకలను నడిపించే కంట్రోలర్ ఆదేశించాడు. కజక్ సిబ్బంది ఆ హద్దు దాటి దిగారని జస్టిస్ ఆర్.సి. లహోటీ విచారణ తేల్చింది.

నిజానికి లోపం ఆ ఒక్క విమానానిదే కాదు. అప్పట్లో ఢిల్లీలో వాడుతున్న రాడార్ విమానం ఎక్కడుందో చూపేదే గాని, ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. ఎత్తు విషయంలో కంట్రోలర్‌కు పైలట్ చెప్పిన మాటే ఆధారం. రాజధాని చుట్టూ ఉన్న గగనతలంలో అధిక భాగం వైమానిక దళానిది కావడంతో వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకే దారి ఉండేది. వీటన్నిటికీ మించి, ఇలాంటి ప్రమాదాన్ని చివరి క్షణంలోనైనా తప్పించగల టీక్యాస్ అనే పరికరం అప్పటికే అమెరికాలో తప్పనిసరి. మన దేశంలో కాదు.

దాని మూలసూత్రం 1950ల నాటిది. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద రెండు విమానాలు ఢీకొని 128 మంది చనిపోయిన కాలంలోనే, బెండిక్స్ సంస్థలో పనిచేసిన జె.ఎస్. మోరెల్ ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. రెండు విమానాల మధ్య దూరం ఎంత అన్నదాని కంటే, అవి దగ్గరవుతున్న వేగాన్ని బట్టి ఢీకొనడానికి ఎన్ని సెకన్లు మిగిలాయన్నదే ముఖ్యమన్నాడు. ఈనాటి టీక్యాస్ చేసేదీ ఈ లెక్కే: చుట్టుపక్కల విమానాల్లోని ట్రాన్స్‌పాండర్లను (రేడియో పలకరింపుకు తనంతట తానే జవాబిచ్చే పరికరాలను) రేడియో సంకేతాలతో పలకరించి, వచ్చే జవాబుల నుంచి దూరాన్నీ ఎత్తునూ గ్రహించి, ఎత్తును బట్టి 15 నుంచి 35 సెకన్ల ముందు పైకి వెళ్లమనో కిందికి దిగమనో పైలట్‌కు చెబుతుంది. రెండు విమానాల్లోనూ అది ఉంటే, రెండు పరికరాలూ ముందే మాట్లాడుకుని ఒకదాన్ని పైకీ మరొకదాన్ని కిందికీ పంపుతాయి.

సూత్రం తేలికే అయినా రద్దీ విమానాశ్రయాల దగ్గర అది ఉత్తుత్తి హెచ్చరికలు మోగించకూడదు. అయినదానికీ కానిదానికీ అరిచే పరికరాన్ని ఏ పైలటూ నమ్మడు. అందుకే ఎంఐటీ లింకన్ లేబొరేటరీ వంటి సంస్థలు నిజమైన విమానాలతోనూ, కంప్యూటర్‌లో సృష్టించిన లెక్కలేనన్ని ఎదురుపడే సందర్భాలతోనూ ఏళ్ల తరబడి పరీక్షించాయి. ఆ కాలయాపనను తప్పుపట్టలేం. కానీ 1978లో శాన్ డియాగోలో రెండు విమానాలు ఢీకొని 144 మంది మరణించాక, 1981లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ టీక్యాస్‌ను ఎంచుకున్నాక కూడా, 1986లో లాస్ ఏంజిలిస్ శివారు సెరిటోస్‌లో మరో 82 మంది పోయేదాకా చట్టం కదల్లేదు. 1987లో వచ్చిన ఆ చట్టం ప్రకారం పెద్ద ప్రయాణికుల విమానాలకు మొదట 1991 చివరి వరకు గడువిచ్చి, తరువాత దాన్ని 1993 చివరికి పొడిగించారు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చర్ఖీ దాద్రీ తరువాత గాని దీన్ని తప్పనిసరి చేయలేదు. రాకపోకలకు వేర్వేరు దారులు, ఎత్తు చూపే రాడార్ కూడా ఆ తరువాతివే.

పరికరం అమర్చినంత మాత్రాన సమస్య తీరలేదు. 2002 జూలై 1న జర్మనీలోని ఊబర్‌లింగెన్ మీద ఢీకొన్న రెండు విమానాల్లోనూ టీక్యాస్ ఉంది, పనిచేసింది కూడా. అది రష్యా టుపోలెవ్‌ను పైకి వెళ్లమంది, జ్యూరిక్ కంట్రోలర్ దిగమన్నాడు, పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. అవతలి సరకు విమానం మాత్రం తన టీక్యాస్ చెప్పినట్టే దిగుతూ వచ్చింది. చనిపోయిన 71 మందిలో ఎక్కువమంది బడిపిల్లలు. పరికరానికీ మనిషికీ మాట కుదరనప్పుడు ఎవరిని అనుసరించాలన్నది అప్పటి నియమాల్లో అన్ని చోట్లా ఒకేలా, నిక్కచ్చిగా లేదు. 2001 జనవరిలో జపాన్ తీరంలో రెండు విమానాలు ఇదే తికమకలో వెంట్రుకవాసిలో తప్పించుకున్నా ఎవరూ త్వరపడలేదు. ఊబర్‌లింగెన్ తరువాతే, టీక్యాస్ ఆజ్ఞ వచ్చాక కంట్రోలర్ మాట కాదని దాన్నే పాటించాలని అంతర్జాతీయ నిబంధనలు స్పష్టం చేశాయి. ఒక పైలట్ ఆజ్ఞకు ఎదురు దిశలో పోతే రెండో విమానానికి ఇచ్చిన ఆజ్ఞను మధ్యలోనే తిప్పే తర్కాన్ని టీక్యాస్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ 7.1లో మెరుగుపరిచారు. ఐరోపాలో అది అన్ని పెద్ద విమానాలకూ తప్పనిసరి అయింది 2015 డిసెంబరులో, ఊబర్‌లింగెన్ జరిగిన పదమూడేళ్లకు.