వైన్స్‌బెర్గ్ కోట: పేరు వెనుక ఉన్న చరిత్ర

జర్మనీ నైరుతి భాగంలో, హైల్‌బ్రోన్ నగరానికి తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరంలో, ద్రాక్షతోటల నడుమ ఉన్న చిన్న ఊరు వైన్స్‌బెర్గ్. ఊరిని ఆనుకొని ఉన్న గుట్ట మీది శిథిలమైన కోటకు ‘వైబర్‌ట్రాయ్’ అని పేరు. స్త్రీల విశ్వాసపాత్రత అని దాని అర్థం. 1140లో జర్మన్ రాజు మూడవ కోన్రాడ్‌కు కోట లొంగిపోయినప్పుడు లోపలి ఆడవాళ్లు తమ మగవాళ్లను భుజాన వేసుకొని బయటికి నడిచారన్న కథ నుంచి ఆ పేరు పుట్టింది. ఇది నిజంగా జరిగిందా, లేదా అన్నది చరిత్రకారుల మధ్య చాలాకాలంగా నలిగిన వివాదం. ఆ రాజు ఈ కోట మీదికి ఎందుకు వచ్చాడో తెలిస్తే గాని వివాదం అర్థం కాదు.

1138లో జర్మన్ ప్రభువులు స్టౌఫర్ వంశానికి చెందిన మూడవ కోన్రాడ్‌ను రాజుగా ఎన్నుకున్నారు. కిరీటం తనకే దక్కుతుందనుకున్న వెల్ఫ్ వంశపు హైన్రిచ్‌కు అప్పటికే బవేరియా, శాక్సనీ రెండూ చేతిలో ఉన్నాయి. అంత బలమున్న ప్రత్యర్థిని కొత్త రాజు సహించలేదు. రెండు డచీలనూ (డ్యూకుల ఏలుబడిలోని రాజ్యభాగాలను) లాక్కున్నాడు. మరుసటి ఏడాది హైన్రిచ్ చనిపోగా, కుమారుడు ఇంకా చిన్నవాడు కావడంతో, తమ్ముడు ఆరవ వెల్ఫ్ బవేరియా తమదేనంటూ కత్తి పట్టాడు. కాల్వ్ కౌంటు కుమార్తె ఊటాను పెళ్లాడడం వల్ల వైన్స్‌బెర్గ్ మీద ఆయనకు హక్కు ఏర్పడింది. ఆ కోటను కోన్రాడ్ ముట్టడించాడు. విడిపించడానికి వచ్చిన వెల్ఫ్ సైన్యం 1140 డిసెంబరులో ఓడిపోయింది. తరువాత ఇటలీ నగరాలను రెండుగా చీల్చిన గ్వెల్ఫ్, గిబెల్లీన్ పక్షాల పేర్లు ఈ యుద్ధంలోని రణనినాదాల నుంచే పుట్టాయని ఒక సంప్రదాయం చెబుతుంది గాని, దానికి సమకాలీన ఆధారం లేదు.

ఆడవాళ్ల కథను చెప్పేది సుమారు 30 ఏళ్ల తర్వాత కొలోన్‌లో కూర్చిన లాటిన్ రాజవృత్తాంతం. కోటలోని స్త్రీలు భుజాల మీద మోయగలిగినంత తీసుకొని వెళ్లవచ్చునని రాజు అనుమతించాడట. వారు ఇంటి సామాను వదిలేసి మగవాళ్లను మోసుకుంటూ గుట్ట దిగారట. రాజు సోదరుడు డ్యూక్ ఫ్రెడరిక్ ఇది కుదరదని అడ్డుపడితే, రాజు మాట మారడం తగదని కోన్రాడ్ జవాబిచ్చాడట. వృత్తాంతకారుడు భర్తల పట్ల విశ్వాసాన్నీ, మిగిలినవారి క్షేమాన్నీ ప్రస్తావిస్తాడు. అంతటితో ఆగక రాజు ఆ స్త్రీల మాయోపాయాన్ని మెచ్చుకున్నాడని కూడా రాస్తాడు. తరువాతి తరాలు ఆ యుక్తిని పక్కన పెట్టి పతిభక్తిని మాత్రమే పేరుగా నిలబెట్టాయి. మూలంలో నాకు ఎక్కువగా కనిపించేది మాత్రం రాజు మాటలోని సందును పట్టుకున్న తెలివే.

ఇలాంటి కథే యూరప్‌లో మరికొన్ని కోటల గురించీ వినిపిస్తుంది కాబట్టి ఇది ఊరూరా తిరిగే జానపద కథ అని కొందరు కొట్టిపారేశారు. కొలోన్ రచయిత ఇప్పుడు లభించని పాడర్‌బోర్న్ వార్షిక వృత్తాంతాల నుంచి దీన్ని తీసుకొని ఉంటాడని, అందువల్ల ఇది ఘటనకు మరింత దగ్గరి సాక్ష్యమని మరికొందరు వాదించారు. ముట్టడి, యుద్ధం, లొంగుబాటు మాత్రం సందేహం లేనివి.

ఆ తరువాత కోట స్టౌఫర్ రాజుల కొలువులోని ఒక కుటుంబం చేతికి వచ్చింది. వారే వైన్స్‌బెర్గ్ ప్రభువులయ్యారు. సుమారు 1200లో గుట్ట కింద పట్టణం వెలిసింది. పైన ప్రభువు, కింద వర్తకులూ ద్రాక్షరైతులూ. పట్టణం నేరుగా చక్రవర్తికే లోబడి ఉంటానంటే, అది తన సొత్తు అన్నాడు ప్రభువు. ఈ తగాదా తరతరాలు సాగింది. 1440లో నైట్లు దాడి చేసి పట్టణాన్ని పట్టుకోవడంతో స్వతంత్ర నగర హోదా మీది ఆశ అడుగంటింది. పిమ్మట ఊరు పాలటినేట్ ఎలెక్టర్ల (రాజును ఎన్నుకునే హక్కున్న ప్రభువుల) వశమై, 1504లో వుర్టెంబెర్గ్ డ్యూక్ ఉల్రిచ్ చేత చిక్కింది.

1525 రైతు యుద్ధంలో, ఏప్రిల్ 16న, ఈస్టర్ ఆదివారం నాడు తిరుగుబాటు రైతులు కోటను పట్టుకొని తగులబెట్టారు. వారి నాయకుడు యెక్లైన్ రోర్‌బాఖ్ ఆజ్ఞతో వైన్స్‌బెర్గ్ అధికారి కౌంటు లూడ్విగ్ హెల్ఫెన్‌స్టైన్‌నూ, ఆయన వెంట ఉన్న నైట్లనూ రెండు వరుసల బల్లేల మధ్య నడిపించి చంపారు. మాక్సిమిలియన్ చక్రవర్తికి వివాహేతర సంబంధం వల్ల పుట్టిన కుమార్తె అయిన కౌంటు భార్య, భర్త ప్రాణం కోసం వేడుకున్నా ఫలితం లేకపోయింది. మగవాళ్లను ఆడవాళ్లు కాపాడుకున్నారని చెప్పుకునే గుట్ట పాదాన జరిగింది ఇది. నెల తిరిగేసరికి ప్రభువుల సేన వచ్చి పట్టణాన్ని కాల్చివేసింది. రోర్‌బాఖ్‌ను చెట్టుకు కట్టి సజీవంగా దహనం చేశారు. పట్టణ హక్కులు తిరిగి రావడానికి 1553 దాకా పట్టింది.

కోటను మళ్లీ కట్టలేదు. 1819లో ఊళ్లో స్థిరపడిన వైద్యుడు, కవి యుస్టినుస్ కెర్నర్ ప్రోద్బలంతో ఏర్పడ్డ మహిళా సంఘం శిథిలాల సంరక్షణకు పూనుకుంది. కోట రాళ్ల ముక్కలు పొదిగిన ఉంగరాలు అమ్మి అందుకు డబ్బు కూడబెట్టారు.