బయోస్ అప్‌డేట్ అయ్యాక డిస్క్ ఎక్కడికి పోతుంది?

కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్ బయోస్. ఆ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నూరు శాతం పూర్తయిందంటుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఆ వెంటనే బూట్ చేయడానికి డిస్కే లేదంటుంది. పది నిమిషాల ముందు దాకా చక్కగా పనిచేసిన డిస్క్! టెన్షన్ పడకుండా ఉండటం కష్టమే. కానీ చాలాసార్లు డిస్క్‌కి ఏమీ అయి ఉండదు. దానితో ఏ పద్ధతిలో మాట్లాడాలో బోర్డు రాసిపెట్టుకున్న సెట్టింగ్‌లు చెరిగిపోయి, వాటి స్థానంలో డీఫాల్ట్‌లు వచ్చి ఉంటాయి.

ఈ తంతు కొత్తదేం కాదు. 1981 నాటి ఐబీఎం పీసీలో బోర్డు మీది చిన్న స్విచ్‌లే సెట్టింగ్‌లు. 1984లో వచ్చిన పీసీ ఏటీలో వాటిని బ్యాటరీతో నిలిచి ఉండే సీమాస్ మెమరీలోకి మార్చారు. బయోస్ కోడ్ ఒక చిప్‌లో, సెట్టింగ్‌లు ఇంకోచోట. హార్డ్ డిస్క్ తన వివరాలు తాను చెప్పుకోలేని రోజులవి. అందుకని బయోస్‌లో 14 రకాల డిస్కుల పట్టిక ఉండేది, మన డిస్క్ అందులో ఎన్నో రకమో సెటప్‌లో మనమే చెప్పాలి. బ్యాటరీ అయిపోతే ఆ అంకె పోయేది, దాంతోపాటు డిస్క్ కూడా 'మాయమయ్యేది'. అంకె మళ్లీ కొడితే తిరిగొచ్చేది. అంకె ఎక్కడా రాసిపెట్టుకోనివాళ్ల అవస్థ వేరే చెప్పక్కర్లేదు.

ఐడీఈ డిస్కులు వచ్చాక ఆ బెడద తగ్గింది. డిస్క్ తన పేరు, సైజు తానే చెప్పడం మొదలుపెట్టింది. అయితే డిస్కులు పెరిగినంత వేగంగా బయోస్‌లు పెరగలేదు. మొదట దాదాపు 528 ఎంబీ దగ్గర, తర్వాత 8.4 జీబీ దగ్గర, ఆపైన 137 జీబీ దగ్గర అడ్డుగోడలు వచ్చాయి. గోడ దాటాలంటే చాలామందికి దారి బయోస్ అప్‌డేటే. ఇప్పుడు అప్‌డేట్ చేస్తే డిస్క్ కనిపించడం లేదని వాపోతున్నాం గానీ, అప్పట్లో డిస్క్ పూర్తిగా కనిపించాలనే అప్‌డేట్ చేసేవాళ్లు.

ఇప్పటి చిక్కులకు అసలు మూలం ఆ తర్వాతి కాలంలో ఉంది. 2003లో సాటా అనే కొత్త డిస్క్ కనెక్షన్, 2004లో డిస్క్‌తో మాట్లాడటానికి దానికి తగ్గ ఏహెచ్‌సీఐ పద్ధతి వచ్చాయి. విండోస్ ఎక్స్‌పీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు. అందుకని బోర్డులు సాటా డిస్క్‌ని పాత ఐడీఈ డిస్క్‌లా చూపించే మోడ్ కూడా పెట్టాయి. చాలా బోర్డుల్లో అదే డీఫాల్ట్. కాలక్రమంలో డీఫాల్ట్ ఏహెచ్‌సీఐ అయింది. డీఫాల్ట్ అంటే మీ మెషిన్‌కి సరిపడేది అని కాదు, ఆ వెర్షన్ తయారుచేసిన రోజున కంపెనీకి సబబు అనిపించినది. ఒక మోడ్‌లో ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌ని ఇంకో మోడ్‌లో లేపితే నీలం తెర మీద 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని వస్తుంది. ఇక్కడ బయోస్‌కి డిస్క్ కనిపిస్తూనే ఉంది, విండోస్‌కే కనిపించడం లేదు. ఈ రెంటినీ కలిపేసి 'డిటెక్ట్ కావట్లేదు' అనడం వల్లే సగం గందరగోళం. మోడ్‌ని అప్‌డేట్‌కి ముందున్నదానికి మారిస్తే సరిపోతుంది.

పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్ పద్ధతి యూఈఎఫ్ఐ రాకతో ఇంకో పొర చేరింది. ఇంటెల్ 1990ల చివర్లో ఇటానియం సర్వర్ల కోసం మొదలుపెట్టిన పని ఇది. 2005లో యూఈఎఫ్ఐ ఫోరమ్ చేతికి వెళ్లింది. విండోస్ 8 కాలానికి, అంటే 2012 నాటికి, మామూలు పీసీల్లో మామూలైపోయింది. పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్కులు బూట్ కావడానికి సీఎస్ఎం అనే వంతెన ఉంచారు. 2020 నాటికి దాన్ని తీసేస్తామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. అప్‌డేట్‌తో సీఎస్ఎం ఆఫ్ అయితే, ఎంబీఆర్ డిస్క్ స్టోరేజ్ జాబితాలో ఉంటుంది, బూట్ జాబితాలో ఉండదు. పైగా ఏ ఫైల్ నుంచి బూట్ కావాలన్న ఎంట్రీలు బోర్డులో పవర్ పోయినా నిలిచి ఉండే మెమరీ ఎన్‌వీర్యామ్‌లో ఉంటాయి. అప్‌డేట్‌లో అవి చెరిగిపోవచ్చు. విండోస్ సాధారణంగా ఒక ప్రామాణిక ఫోల్డర్‌లో కూడా బూట్ ఫైల్ కాపీ ఉంచుతుంది కాబట్టి బయటపడుతుంది. కొన్ని లినక్స్ ఇన్‌స్టలేషన్లకు ఆ వెసులుబాటు ఉండదు.

ఎన్‌వీఎంఈ అనే వేగమైన ఎస్ఎస్‌డీ డిస్కులది మరో కథ. 11వ తరం ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల్లో వీఎండీ అనే ఏర్పాటు బాగా కనిపిస్తోంది. అది ఆన్‌లో ఉంటే డిస్క్ దాని వెనక్కి వెళ్లిపోతుంది, తగిన డ్రైవర్ లేకపోతే విండోస్ ఇన్‌స్టాలర్‌కి కనిపించదు. కంగారులో పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని చూసినవాళ్లకు అక్కడ ఖాళీ జాబితా ఎదురవుతుంది, డిస్క్ చచ్చిపోయిందని ఖాయం చేసుకుంటారు.

నిజంగా భయపడాల్సింది రెయిడ్, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒక జతగా నడిపే పద్ధతి, వాడేవాళ్లు. డీఫాల్ట్ వల్ల రెయిడ్ పోయి ఏహెచ్‌సీఐ వస్తే, జతగా ఉన్న డిస్కులు విడివిడిగా కనిపిస్తాయి. 'ఇనిషియలైజ్ చేయమంటారా' అని విండోస్ అడగవచ్చు. సరే అనకండి. అది డిస్క్ మీద కొత్త పార్టిషన్ టేబుల్ రాసేస్తుంది. మోడ్‌ని తిరిగి రెయిడ్‌కి మారిస్తే సాధారణంగా ఆ జత మళ్లీ కనిపిస్తుంది. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగితే మాత్రం అది డిస్క్ సమస్య కాదు. ఫర్మ్‌వేర్ మారడంతో టీపీఎమ్ అనే భద్రతా చిప్‌లోని కొలతలు మారాయి, అంతే. అందుకే అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయమంటారు.

కాబట్టి ముందుగా చూడాల్సింది బయోస్ సెటప్‌లోని స్టోరేజ్ పేజీ. అక్కడ డిస్క్ పేరు ఉంటే వెతకాల్సింది సాటా మోడ్, సీఎస్ఎం, వీఎండీ, బూట్ ఎంట్రీల్లో. పేరు లేకపోతే ముందు ఆ పోర్ట్ ఆఫ్‌లో ఉందేమో, వీఎండీ ఆన్ అయిందేమో చూడాలి. అదీ కాదంటే పవర్ పూర్తిగా తీసి, కేబుల్ మార్చి, ఇంకో పోర్ట్‌లోనో ఇంకో కంప్యూటర్‌లోనో పెట్టి చూడాలి. అక్కడ కూడా కనిపించకపోతే అప్పుడు డిస్క్‌ని అనుమానించవచ్చు.